తండ్రీకొడుకులిద్దరికీ ఒకే మోహాక్ నప్పుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. చాలా ఏళ్లుగా హ్యూస్టన్ పక్కన ఉంటున్నాం. మావారు నల్లజాతి అమెరికన్, వయసు 46. మా అబ్బాయికి 16. వాడి జుట్టు అచ్చం వాళ్ల నాన్నదే, బిగుతుగా మెలితిరిగి దట్టంగా ఉంటుంది. ఇప్పుడు ఇద్దరూ కలిసి మోహాక్, అంటే పక్కలు గొరిగించి నడినెత్తిన పట్టీలా జుట్టు నిలబెట్టే క్షవరం, చేయించుకుంటామని కూర్చున్నారు. పిల్లాడికి పైన బంగారు రంగు కూడా కావాలట. మావారికి పెడతల కింద, మెడ మీద ఎప్పుడూ చిన్న చిన్న గట్టి పొక్కులు ఉంటాయి. కణతల దగ్గర జుట్టు కూడా వెనక్కి పోతోంది. మావాడు స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ (హెల్మెట్ పెట్టుకుని ఆడేది) ఆడతాడు. చిన్నప్పటి నుంచీ వాడి మాడుకి కొబ్బరినూనె పెట్టి, ఆదివారం కుంకుడుకాయలతో తలంటుతున్నాను. అయినా జుట్టు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. డిసెంబరులో మా తమ్ముడి కూతురి పెళ్లికి గుంటూరు వెళ్లాలి. ఈ సంగతి ఫోన్లో చెప్పగానే మా అమ్మ ‘ఆ కోడిపుంజు తలతో పెళ్లిపందిట్లోకి తీసుకొస్తావా’ అంది. ఏ రకం ఎంచుకోవాలి, ఎలా చూసుకోవాలి? అసలు వీళ్లని ఆపమంటారా?
— ఓ పాఠకురాలు, టెక్సస్

సమాధానం:

ఆపకండి. ఇద్దరూ చేయించుకోవచ్చు. కాకపోతే ఇద్దరూ ఒకే ఫోటో చూపించి ఒకే రకం క్షవరం చేయించుకోవడం మాత్రం వద్దు. మీవారి మెడ మీది పొక్కుల సంగతి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు కనపడింది అదే. మోహాక్ అనగానే అందరి చూపూ నడినెత్తిన నిలబడే జుట్టు మీదికి పోతుంది. నల్లజాతి మగవాళ్లకి అది సులువైన భాగం. అసలు తంటా అంతా పక్కలా వెనకా గొరిగించిన చర్మంతోనే.

పైన ఎందుకు సులువో ముందు చెబుతాను. సాఫీ జుట్టున్నవాళ్లు మోహాక్ నిలబెట్టాలంటే నానా అవస్థ పడాలి. బ్రిటన్‌లో పంక్ సంగీతం మోజున్న కుర్రాళ్లు సబ్బు నురగ, జిగురు, డబ్బాల కొద్దీ హెయిర్ స్ప్రే వాడేవారు. మీవాళ్ల జుట్టు దానంతటదే నిలబడుతుంది. వెంట్రుక పుట్టే కుదురే వంపు తిరిగి ఉంటుంది, వెంట్రుక అడ్డుకోత గుండ్రంగా కాక కోలగా ఉంటుంది. అందుకే అది మెలికలు తిరుగుతూ పెరిగి, పక్క వెంట్రుకతో అల్లుకుని, కిందికి పడకుండా పైకి లేస్తుంది. కానీ ఆ మెలికల వల్లే మాడులో ఊరే సహజమైన నూనె వెంట్రుక చివరిదాకా జారదు. మీరు చెప్పిన పొడితనం అక్కడిది. పైగా ప్రతి మెలికా వెంట్రుక తేలిగ్గా తెగే చోటే. కాబట్టి నిలబెట్టడానికి ఏమీ రాయక్కర్లేదు, తెగకుండా చూసుకోవడానికి మాత్రం శ్రద్ధ కావాలి.

ఇక మీ అమ్మగారి సంగతి. ఆవిడ కోడిపుంజు అన్నారని చిన్నబుచ్చుకోకండి. మీ ఇంట్లో ముత్తాతగారి ఫోటో ఏదైనా ఉంటే దులిపి చూపించండి. చుట్టూ నున్నగా గొరిగించి, నెత్తిన పిలక ఒక్కటీ ఉంచుకుని దర్జాగా కూర్చుని ఉండే అవకాశం చాలా ఉంది. తల చుట్టూ గొరిగి ఒక్క చోట జుట్టు ఉంచడం మనకి పరాయి సంగతేమీ కాదు. మీవారి వైపు దీనికి ఇంకా పాత మూలాలున్నాయి. రువాండాలో అమసుంజు అనే పద్ధతి ఉండేది. తల మీద కొంత గొరిగి, మిగిలిన జుట్టుని నెలవంకల్లా ఎత్తుగా తీర్చేవారు. మగవాళ్లూ, పెళ్లికాని ఆడపిల్లలూ కూడా అలా ఉండేవారు. 1980ల్లో అమెరికా టీవీలో మిస్టర్ టి అనే నటుడి మోహాక్ ఇంటింటా తెలుసు. పశ్చిమ ఆఫ్రికాలోని మాండింకా యోధుడి ఫోటో ఒక పత్రికలో చూసి తాను అలా చేయించుకున్నానని ఆయనే చెప్పాడు. మీవారు ఆ రోజుల్లో పిల్లాడే కదా, అడిగి చూడండి, ఈ కోరిక అప్పటిదే అయ్యుండొచ్చు.

ముందు మీవారి తల చూద్దాం. పెడతల కింద గట్టి పొక్కులు నల్లజాతి మగవాళ్లలో చాలామందికి వస్తాయి. మొటిమల్లా కనిపిస్తాయి గానీ మొటిమలు కావు. మెలికల జుట్టుని చర్మం దాకా గొరిగితే తెగిన కొన పదునుగా మారి, బయటికి పెరగబోయి వంపు తిరిగి మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటుంది. చర్మం దాన్ని పరాయి వస్తువనుకుని వాస్తుంది. గడ్డం దగ్గర గొరిగినప్పుడు వచ్చే పొక్కులు అవే. పెడతల దగ్గరిది ఇంకాస్త మొండిది. అక్కడ కుదుళ్ల చుట్టూ వాపు నెలల తరబడి ఉండిపోయి, చివరికి గట్టి మచ్చలా బిగుసుకుంటుంది. ఆ మచ్చ మీద ఇక జుట్టు మొలవదు. చర్మవైద్యులు దీన్ని ఆక్నే కెలాయిడాలిస్ న్యూకే అంటారు. పేరులో ఆక్నే ఉందని మొటిమల క్రీము కొనేసి ఊరుకోవద్దు. మొదట్లోనే వెళ్తే పైపూత స్టిరాయిడ్లు, యాంటీబయాటిక్స్‌తో అదుపులో పెడతారు. ముదిరితే పొక్కుల్లోకి ఇంజెక్షన్లు, లేజర్, ఒక్కోసారి కోత దాకా వెళ్తుంది. అందుకని బార్బర్ దగ్గర అపాయింట్‌మెంట్ కంటే ముందు చర్మవైద్యుడి దగ్గర తీసుకోండి. పొక్కులు ఎర్రగా ఉన్నా, చీము ఉన్నా, నొప్పి ఉన్నా అవి తగ్గేదాకా క్షవరం వాయిదా వేయాల్సిందే. వాటిని గిల్లడం, గీరడం, బిగుతు కాలర్ చొక్కాలు వేసుకోవడం మానేయాలి.

వైద్యుడు సరేనన్నాక మీవారికి నేను చెప్పే మోహాక్ ఇది: పైన పట్టీ కాస్త వెడల్పుగా, ఎత్తు తక్కువగా, అంటే రెండు మూడు సెంటీమీటర్లకి మించకుండా ఉండాలి. పక్కలు నున్నగా గొరిగించకూడదు. క్లిప్పర్‌కి, అంటే జుట్టు గొరిగే మెషినుకి, ఒకటో నంబరు గార్డు పెడితే సుమారు 3 మిల్లీమీటర్లు, రెండో నంబరైతే 6 మిల్లీమీటర్లు మిగులుతుంది. ఆయనకి ఈ రెండింటి మధ్యే ఫేడ్ చేయించండి, అంటే పక్కల జుట్టు పై నుంచి కిందికి క్రమంగా పొట్టి అవుతూ రావాలి. చర్మం కనిపించేలా చేసే స్కిన్ ఫేడ్ వద్దు, నున్నగా గీసే ఫాయిల్ షేవర్ వద్దు, మెడ మీద కత్తి అసలే వద్దు. చాలామంది బార్బర్లకి చివర్లో మెడ చుట్టూ కత్తితో ఒక గీత గీసి ముగించడం అలవాటు. కుర్చీలో కూర్చోగానే ‘మెడ మీద బ్లేడు పెట్టొద్దు’ అని మొదటే చెప్పాలి. మధ్యలో చెబితే చెయ్యి అలవాటు కొద్దీ పని కానిచ్చేస్తుంది.

ఇక్కడ మోహాక్‌లోనే ఒక రకం ఆయనకి మేలు చేస్తుంది. బర్స్ట్ ఫేడ్ అంటారు. మామూలు ఫేడ్ తల చుట్టూ అడ్డంగా తిరుగుతుంది, వెనక మెడ దాకా గొరగాలి. బర్స్ట్ ఫేడ్ చెవి చుట్టూ అర్ధచంద్రంలా మాత్రమే తిరుగుతుంది. పైన ఉన్న పట్టీ వెనక నుంచి మెడ దాకా దిగుతుంది. అంటే పొక్కులు వచ్చే చోట జుట్టు గొరగకుండా ఉంటుంది. అందానికి కనిపెట్టిందే గానీ, ఇలాంటి మెడ ఉన్నవాళ్లకి కలిసొస్తుంది.

కణతల గురించి. జుట్టు వెనక్కి పోతున్నవాళ్లు చేసే పొరపాటు, నుదుటి గీతని తిన్నగా కనిపించేలా లైనప్ చేయించి ఇంకాస్త వెనక్కి జరిపించుకోవడం. నల్లవాళ్ల బార్బర్ షాపుల్లో దీని మీద జోకులకి లెక్కలేదు. మీవారి నుదుటి గీత ఎక్కడుందో అక్కడే ఉండనివ్వమనండి. పట్టీ వెడల్పుగా ఉంచితే పలచబడిన కణతలు ఫేడ్‌లో కలిసిపోతాయి. పట్టీ సన్నగా ఉంచితే అవి రెండూ బోర్డు పెట్టినట్టు కనిపిస్తాయి. కొందరు బార్బర్లు కణతల మీద రంగు స్ప్రే కొట్టి గీతని నింపుతారు. పెళ్లి ఫోటోలకి ఒక రోజు అయితే సరే. రోజూ దాని మీద ఆధారపడితే చెమట పట్టినప్పుడల్లా చొక్కా కాలరు నల్లబడుతుంది.

పిల్లాడి విషయం వేరు. 16 ఏళ్లు, చర్మం బాగుంది, జుట్టు దట్టం. వాడికి పైన వాడి సహజమైన మెలికలతోనే ఎత్తుగా ఉండే ఫ్రోహాక్ బాగుంటుంది. పక్కలు బర్స్ట్ ఫేడ్. ఈ జతని బార్బర్లు ‘సౌత్ ఆఫ్ ఫ్రాన్స్’ అని కూడా అంటారు, ఆ మాట చెబితే చాలు. ముఖం గుండ్రంగా ఉంటే పట్టీ సన్నగా, ఎత్తుగా. ముఖం కోలగా ఉంటే పట్టీ వెడల్పుగా, ఎత్తు తక్కువగా. లేకపోతే ముఖం ఇంకా సాగినట్టు కనిపిస్తుంది. నెత్తిన సుడి ఎటు తిరిగిందో కూడా బార్బర్ చూసుకోవాలి. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని మీ అమ్మగారు అంటారేమో గానీ, ఇక్కడ మనకి కావలసింది పట్టీ అంచు సుడి మధ్యలోంచి పోకుండా చూడటం. అంచు అక్కడ పడితే ఎంత చక్కగా గీసినా రెండో వారానికి వంకర కనిపిస్తుంది.

ఎత్తు గురించి వాడికి ముందే చెప్పి ఉంచండి. ఇలాంటి జుట్టు తడిసి ఆరాక బాగా కుంచించుకుపోతుంది. లాగి కొలిస్తే 10 సెంటీమీటర్లు ఉన్నది మామూలుగా చూస్తే మూడు నాలుగు సెంటీమీటర్లే అనిపించవచ్చు. ఫోటోలో చూసినంత ఎత్తు కావాలంటే అంతకు రెండు మూడింతల పొడవు ఉండాలి. ఇది తెలియని పిల్లలు బార్బర్ ఎక్కువ కత్తిరించాడని గొడవ పెట్టుకుంటారు. తడి జుట్టుని పొడిజుట్టు కొలతతో కత్తిరించిన బార్బర్లూ ఉన్నారనుకోండి. మొదటిసారి పొడిగా ఉన్నప్పుడే, వాడు రోజూ ఎలా ఉంచుకుంటాడో అలా దువ్వి ఉన్నప్పుడే ఆకారం తీయించాలి.

గొరిగించే ముందు ఒక వారం ఉత్తుత్తి మోహాక్ పెట్టుకుని చూడొచ్చు. పక్క జుట్టుని తలకి అంటిపెట్టుకునేలా కార్న్‌రోస్ అల్లించి, మధ్యలో జుట్టు వదిలేసి పైకి దువ్వితే అచ్చం మోహాకే. కత్తెర పెట్టక్కర్లేదు, నచ్చకపోతే విప్పేస్తే సరి. బిగుతుగా మాత్రం అల్లనివ్వొద్దు. అల్లాక నొప్పి పుడుతున్నా, కణతల దగ్గర చిన్న చిన్న గుల్లలు లేచినా అది ఎక్కువ బిగుతే. కుదుళ్లని అలా నెలల తరబడి లాగితే అంచుల్లో జుట్టు రాలిపోతుంది. మొదట్లో ఆపితే తిరిగి వస్తుంది, ఆలస్యమైతే రాదు. ‘అందం కావాలంటే నొప్పి భరించాలి’ అని ఎవరైనా పెద్దవాళ్లు అంటే, వాళ్ల కణతలు చూసి మాట్లాడండి.

స్కూలు సంగతి తేల్చుకోకుండా కుర్చీ ఎక్కించకండి. టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి క్రౌన్ చట్టం అమల్లో ఉంది. జాతికి సంబంధించిన జుట్టు తీరుని, జడలు, ట్విస్టులు (రెండు పాయలు మెలేసినవి), లాక్స్ (జడకట్టిన జుట్టు) వంటి వాటిని కారణంగా చూపి స్కూళ్లు, ఉద్యోగాలిచ్చేవాళ్లు వివక్ష చూపకూడదని ఆ చట్టం చెబుతుంది. అయితే అందులో మోహాక్ పేరు లేదు, పొడవు గురించీ స్పష్టంగా లేదు. హ్యూస్టన్‌కి తూర్పున మోంట్ బెల్వ్యూలో ఒక విద్యార్థి లాక్స్ పొడవు మీద స్కూలుకీ కుటుంబానికీ తగాదా వచ్చింది. 2024 ఫిబ్రవరిలో జడ్జి, పొడవుకి హద్దు పెట్టడం క్రౌన్ చట్టాన్ని ఉల్లంఘించినట్టు కాదని తీర్పిచ్చారు. నాకు ఆ తీర్పు నచ్చలేదు. కానీ మీ పిల్లాడు దానితో కుస్తీ పట్టాల్సిన పని లేదు. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ నియమాల హ్యాండ్‌బుక్‌లో జుట్టు గురించిన పేజీ చదవండి, కోచ్‌ని కూడా ఒక మాట అడగండి. వాడికి సైన్యంలోకి వెళ్లే ఆలోచన ఉంటే అక్కడ మోహాక్ నిబంధనల్లోనే నిషేధం, అప్పటికి తీసేయాల్సిందే.

ఫుట్‌బాల్ అన్నారు కదా. హెల్మెట్ అంచు రోజూ పెడతల మీద రాసుకుంటుంది, లోపల చెమట. తండ్రికి ఉన్న పొక్కులు కొడుక్కి మొదలవడానికి ఇది మంచి చోటు. ఆడే కాలంలో వాడికి కూడా మెడ మీద కత్తి వద్దు. హెల్మెట్ లోపలి మెత్తలు తుడుచుకోవాలి, ప్రాక్టీసు అవగానే తల నీళ్లతో కడుక్కోవాలి. రోజూ షాంపూ అక్కర్లేదు, ఉత్త నీళ్లు చాలు.

ఇప్పుడు మీ కొబ్బరినూనె, కుంకుడుకాయ. కోప్పడకండి. మన జుట్టుకి ఆ పద్ధతి పనిచేసింది. వాడి జుట్టుకి వరస తిరగేయాలి. నూనె తేమ కాదు. ఉన్న తేమని పోకుండా పట్టి ఉంచడమే దాని పని. ఎండిపోయిన జుట్టుకి మాడు నిండా నూనె పెట్టి, ఆ నూనె వదలడానికి కుంకుడు రసంతో రుద్ది రుద్ది కడిగితే, అసలే తక్కువగా ఉన్న సహజమైన నూనె కూడా దాంతో పాటే పోతుంది. మళ్లీ పొడి, మళ్లీ నూనె. మీరు ఇన్నేళ్లుగా తిరుగుతున్నది ఆ గుండ్రంలోనే. చుండ్రు ఉంటే మాడుకి నూనె పట్టించడం ఇంకా చేటు, చుండ్రుకి కారణమయ్యే ఫంగస్‌కి ఆ నూనే మేత.

వారానికి ఒక్కసారి, సల్ఫేట్ లేని షాంపూ మాడుకి మాత్రమే పట్టించి కడగాలి. తర్వాత కండిషనర్ ధారాళంగా. అది జుట్టు మీద ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీయాలి, చివర్ల నుంచి మొదలుపెట్టి కుదురు వైపు రావాలి. పొడిజుట్టుని దువ్వడం ఈ ఇంట్లో ఇక నిషేధం అనుకోండి. కడిగాక తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ టీషర్టుతో అద్ది, తడి ఉండగానే లీవ్-ఇన్ కండిషనర్ (రాసి కడగకుండా వదిలేసేది) రాయాలి. ఆ పైన కొద్దిగా నూనె. కొబ్బరినూనె ఇక్కడ వాడుకోవచ్చు, అది వెంట్రుక లోపలికి దిగే గుణమున్న నూనెల్లో ఒకటి. చిక్కటి ఆముదం కూడా మంచిదే. మీ అత్తగారి ఇంట్లో జమైకన్ బ్లాక్ క్యాస్టర్ ఆయిల్ అని సీసా ఉంటుంది చూడండి, అది కాల్చిన గింజలతో తీసిన ఆముదమే. అన్నిటికంటే పైన షియా బటర్ లాంటి చిక్కటి క్రీము, బఠాణీ గింజంత. వారం మధ్యలో పొద్దున్నే స్ప్రే సీసాతో నీళ్లు చల్లుకుని, కొద్దిగా లీవ్-ఇన్ రాసుకుంటే సరిపోతుంది.

మెలికలు విడివిడిగా ముద్దుగా కనిపించాలంటే ట్విస్ట్ స్పాంజ్ దొరుకుతుంది, కన్నాలున్న స్పాంజ్. తడిగా ఉన్న జుట్టు మీద ఒకే దిశలో గుండ్రంగా ఐదు పది నిమిషాలు తిప్పాలి. మాటిమాటికీ దిశ మారిస్తే మెలికలు పడవు, చిక్కు పడుతుంది. స్పాంజ్ వద్దు, ఎత్తు కావాలంటే రాత్రి ఐదారు పెద్ద ట్విస్టులు వేసుకుని పొద్దున విప్పి, ఆఫ్రో పిక్‌తో (పొడుగు పళ్ల దువ్వెన) కుదుళ్ల దగ్గర మాత్రం పైకి లేపాలి. పిక్ చివరిదాకా లాగకూడదు. జెల్ వాడితే ఆల్కహాల్ లేనిది. లేకపోతే మధ్యాహ్నానికి తెల్ల పొట్టు రాలుతుంది, అందరూ చుండ్రనుకుంటారు.

రాత్రి కాటన్ దిండు గలీబు జుట్టులోని తేమని పీల్చేస్తుంది, రాపిడికి చివర్లు తెగుతాయి. శాటిన్ గలీబు వేయండి. శాటిన్ బోనెట్ (తలకి పెట్టుకునే వదులు టోపీ) ఇంకా మంచిది గానీ, 16 ఏళ్ల కుర్రాడితో అది పెట్టించడం మీ వల్ల కాదు. వాళ్ల నాన్న పెట్టుకుంటే వాడూ పెట్టుకోవచ్చు. తలకి బిగించి కట్టే డూరాగ్ గుడ్డ మాత్రం వద్దు, అది జుట్టుని తలకి అదిమి ఉంచడానికి, లేపిన మోహాక్ పొద్దుటికి అట్టు అవుతుంది.

గొరిగిన పక్కలకి జోజోబా లాంటి తేలికైన నూనె కొద్దిగా చాలు. టెక్సస్ ఎండలో సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఇన్నాళ్లూ జుట్టు కింద ఉన్న చర్మం ఎండ ఎరగదు, నల్లటి చర్మానికి ఎండదెబ్బ తగలదన్నది అపోహ. ఫేడ్ పదునుగా కనిపించేది వారం పది రోజులే. రెండు వారాలకోసారి పక్కలు సవరించుకోవాలి. ఇద్దరికీ కలిపి, టిప్పుతో సహా, నెలకి ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోండి. భారమనిపిస్తే మీవారిలా 3 నుంచి 6 మిల్లీమీటర్ల ఫేడ్ ఎంచుకుంటే పిల్లాడిది కూడా మూడు నాలుగు వారాలు బాగానే ఉంటుంది. మోజు తీరాక పక్కలు పెంచుకోవాలంటే ఓపిక పట్టాలి. ఈ రకం జుట్టు నెలకి సెంటీమీటరు లోపే పెరుగుతుంది. పక్కలు పెరిగేదాకా ఆగే బదులు పైన నెలనెలా కొంచెం తగ్గించుకుంటూ రావడమే తేలిక.

బంగారు రంగు గురించి ఒక్కటే మాట, ఇప్పుడు వద్దు. 2012 యూరో పోటీల్లో ఇటలీ ఆటగాడు మారియో బలోటెల్లి బంగారు మోహాక్ చూశాక ప్రపంచమంతా కుర్రాళ్లకి ఆ పిచ్చి పట్టింది, మీవాడిదీ ఆ వంశమే. నల్లజుట్టుని ఆ రంగుకి తేవాలంటే గట్టిగా బ్లీచ్ చేయాలి. అసలే మెలిక మెలిక దగ్గర బలహీనంగా ఉన్న వెంట్రుక బ్లీచ్ తర్వాత ఇట్టే తెగుతుంది. ముందు ఆరు నెలలు పైన చెప్పినట్టు జుట్టు చూసుకోమనండి. అప్పటికీ కావాలంటే చివర్లకి మాత్రమే, ఇలాంటి జుట్టు మీద చెయ్యి తిరిగినవాళ్లతోనే, ఇంట్లో డబ్బా కొని కాదు.

బార్బర్‌ని ఎంచుకునేటప్పుడు ధర కంటే క్లిప్పర్లు ఎలా శుభ్రం చేస్తున్నారో చూడండి. బల్ల మీద నీలం రంగు ద్రవం జాడీ ఉంటుంది. దువ్వెనలు, గార్డులు అందులో 10 నిమిషాలు పూర్తిగా మునిగి ఉండాలి, ముంచి తీస్తే ప్రయోజనం లేదు. క్లిప్పర్ బ్లేడుకి వేరే స్ప్రే ఉంటుంది. శుభ్రం చేయని పరికరాలతో తామర అంటుకోవచ్చు. తలలో గుండ్రంగా జుట్టు ఊడి పొలుసులు లేస్తే అదే కావచ్చు. పైపూతతో తగ్గదు, నోటి ద్వారా మందు వాడాలి.

మీరు అడగలేదు గానీ, మొదటి రోజు మీరు కూడా వాళ్లతో వెళ్లండి. నల్లవాళ్ల బార్బర్ షాపు ఉత్త క్షవరం దుకాణం కాదు. లాస్ ఏంజిలిస్‌లో 52 బార్బర్ షాపుల్లో ఫార్మసిస్టులు వచ్చి నల్లజాతి మగవాళ్లకి బీపీ చూసి అక్కడే మందులు సర్దారు. ఆరు నెలల్లో పై అంకె సగటున 27 పాయింట్లు తగ్గిందని 2018లో ప్రచురించారు. మందుల చీటీ రాసినా వేసుకోని మనిషి బార్బర్ మాట వింటాడన్నమాట. 46 ఏళ్ల మీవారు చివరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారు? శనివారం వెళ్తే గంటల తరబడి కూర్చోవాలి. మంగళ, బుధవారాల్లో వెళ్తే బార్బర్‌కి మీ ప్రశ్నలన్నీ వినే తీరిక ఉంటుంది.

డిసెంబరు ప్రయాణానికి సంగతులు. విమానం ఎక్కడానికి రెండు మూడు రోజుల ముందు ఫేడ్ చేయించండి. ముందు రోజే చేయిస్తే, చర్మం ఏమైనా మంటపుడితే చూసుకునే వ్యవధి ఉండదు. గుంటూరు సెలూన్లలో చాలామందికి ఈ జుట్టు మీద అనుభవం ఉండదు, కత్తి పట్టనివ్వకండి. హైదరాబాదులో దిగి ఉంటే టోలిచౌకి వైపు ఆఫ్రికా విద్యార్థులు చాలామంది ఉంటారు, ఎక్కడ కత్తిరించుకుంటారో వాళ్లనే అడగవచ్చు. అన్నిటికంటే మేలు, మీవారు గార్డు పెట్టి పక్కలు సవరించడం ఇక్కడే బార్బర్ దగ్గర నేర్చుకోవడం. వెంట తీసుకెళ్లే క్లిప్పర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూడండి. అమెరికాలో గోడకి గుచ్చి వాడే 120 వోల్టుల క్లిప్పర్‌ని ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్ పెట్టి మన ఇళ్లలో గుచ్చితే మోటారు కాలిపోతుంది. లీవ్-ఇన్, షియా బటర్ చెక్-ఇన్ సామానులో పెట్టండి. శాటిన్ గలీబులు మూడు తీసుకెళ్లండి, మూడోది మీ అమ్మగారికి.